భాగస్వామ్యమా? బేరమా?



మా ప్రాంతంలో ఈ మధ్య ‘పార్ట్‌నర్‌షిప్’ అనే మాట పలకని పాస్టరు లేడు. ఒకరికి అమెరికాలో ఒక సంఘం, ఇంకొకరికి కొరియాలో, మరొకరికి ఆస్ట్రేలియా నుండి ఎవరో సహోదరుడు. మంచిదే. క్రీస్తు శరీరానికి దేశాల గట్లు లేవని నమ్మేవాళ్ళం మనం. సముద్రం అవతలి విశ్వాసి మన ఆకలిని తన ఆకలిగా ఎంచుకుంటే దేవునికి స్తోత్రం. అయితే ఆ మాట చాటున జరుగుతున్నది దగ్గర నుండి చూస్తున్నాం కాబట్టి మేము చెప్పక తప్పదు. అందులో చాలా భాగం బేరం. అవతలివారు డబ్బు పంపుతారు, ఇవతలివారు ఫొటోలు, బాప్తిస్మాల లెక్కలు పంపుతారు. సరుకు నచ్చితే వచ్చే ఏడు మళ్ళీ డబ్బు వస్తుంది, నచ్చకపోతే ఆగిపోతుంది. సంతలో జరిగేది కూడా ఇదే.

వరద వచ్చినా, లాక్‌డౌన్ వచ్చినా, క్రిస్మస్ వచ్చినా చూసేది ఒకటే. పది కిలోల బియ్యం మూటలు, కందిపప్పు, నూనె ప్యాకెట్లు ఒక బల్ల మీద. బల్ల వెనుక దాతల పేరు అచ్చువేసిన ఫ్లెక్సీ. విధవరాళ్ళను వరుసగా నిలబెడతారు. ఒక్కొక్కరూ వచ్చి మూట పట్టుకొని కెమెరా వైపు చూడాలి. ‘తల ఎత్తమ్మా, పేరు కనబడాలి, కాస్త పక్కకి జరుగు.’ ఫ్లెక్సీ మార్చి, అదే మూటతో, అదే తల్లిని రెండోసారి నిలబెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. ఊళ్ళో షావుకారు అప్పిచ్చేటప్పుడు నోటు రాయించుకుంటాడు గాని మొహం ఫొటో తీసి ఊరంతా తిప్పడు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు కొండమీద నేర్పాడు (మత్తయి 6:3). మనం మాత్రం రెండు చేతులూ, వెనుక ఉన్న బ్యానరూ ఒకే ఫ్రేములో పడేదాకా బియ్యం వదలం.

‘ఎవరి పేరుంటే ఏమిటన్నా, ఆకలిగొన్నవాళ్ళు తిన్నారు గదా’ అని తోటి సేవకులు అంటారు. తిన్నారు, నిజమే. ఆ బియ్యాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆకలి తెలిసిన ఏ పల్లె పాస్టరూ బియ్యాన్ని తక్కువ చేయడు. మా ప్రశ్న వేరు. ఆ తల్లి తీసుకున్నది ఒక సహోదరి నుండి మరొక సహోదరికి వచ్చిన ప్రేమా, లేక ఆమె తన ముఖం అమ్ముకొని కొనుక్కున్న మూటా?

ఒక దేశపు సంఘం కరువులో ఉన్న మరొక దేశపు సంఘానికి సహాయం పంపడం కొత్త సంగతి కాదు. అగబు అనే ప్రవక్త కరువు రాబోతుందని చెప్పినప్పుడు అంతియొకయ విశ్వాసులు ఎవరి శక్తి కొలది వారు వేసి, యూదయలోని సహోదరులకు పంపారు. ఆ సొమ్ము బర్నబా, సౌలుల చేతుల మీదుగా వెళ్ళి పెద్దలకు చేరింది (అపొ. కా. 11:27-30). ఏ ఒక్కరి ఇంటికో చేరలేదు. తరువాత పౌలు మాసిదోనియ, అకయ సంఘాల నుండి యెరూషలేము బీదల కోసం సంవత్సరాల తరబడి సొమ్ము కూర్చాడు. అది ఎలా చేశాడో చదివితే ఈనాటి మన పద్ధతులన్నీ సిగ్గుపడతాయి. మొదటిది, ఇచ్చినవాళ్ళు ధనవంతులు కారు. మాసిదోనియవారు నిరుపేదలై ఉండి కూడా మాకూ పాలు ఇవ్వండని బతిమాలుకున్నారు (2 కొరింథీ 8:1-5). రెండోది, పౌలు ఆ డబ్బును ఒంటరిగా ముట్టుకోలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరులను తోడు పెట్టుకున్నాడు, ఎవరూ తన మీద నింద మోపకుండా జాగ్రత్తపడ్డాడు (8:18-21). చివరి ప్రయాణంలో ఆయనతో ఉన్నవారి పేర్లు అపొ. కా. 20:4లో చూడండి: సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయియు, తిమోతి, తుకికు, త్రోఫిము. ఏడుగురు! ఒక అపొస్తలుని వెంట ఏడుగురు సాక్షులు. మన దగ్గర ఒక పాస్టరు, ఆయన భార్య, ఆయన బావమరిది కలిసి ఒక ట్రస్టు.

ఇంకొక మాట. మన తెలుగు బైబిలులో రోమా 15:26 దగ్గర ‘చందా’ అని చదువుతాం. అక్కడ గ్రీకులో ఉన్న మాట కొయినోనియా. సహవాసం అని మనం పలికేదీ, ప్రభువు బల్ల దగ్గర పాలు పొందడం అని చెప్పేదీ అదే మాట. అంటే పౌలు దృష్టిలో ఆ సొమ్ము కూడా సహవాసమే. కాబట్టి రొట్టె విరిచే బల్ల దగ్గర మనం చేయని పనిని ఈ బల్ల దగ్గర ఎందుకు చేస్తున్నామని అడగవలసి ఉంది. ప్రభురాత్రి భోజనంలో రొట్టె అందుకునే విశ్వాసిని ‘కెమెరా వైపు చూడమ్మా’ అని ఎవరమైనా అంటామా?

మన నేలమీదే జరిగిన ఒక సంగతి ఉంది. ఒంగోలు పరిసరాల పాతతరం విశ్వాసులకు కథలా తెలుసు, ఈతరం వాళ్ళకు అదీ లేదు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని ధాతు కరువు పట్టుకుంది. లక్షల మంది చచ్చిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు, యౌవనంలో సర్వే పని చేసినవాడు. ఆయన చేసింది గమనించండి. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు పనిని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారు, పనికి కూలి ఇచ్చారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వేరే పనిచోట్ల కులం పేరెత్తి తిట్టే మేస్త్రీల కింద నలిగినవాళ్ళకు ఇక్కడ తమ సొంత బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. క్రైస్తవులకు మాత్రమే అని గిరి గీయలేదు. సాయంత్రం పార దించినప్పుడు బోధకులు వాళ్ళ పక్కన కూర్చొని క్రీస్తును గురించి చెప్పారు. వినాలనుకున్నవాళ్ళు విన్నారు.

ఆ తరువాతిదే ముఖ్యం. వందలు వేలుగా జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. సహాయం పంచుతున్నంత కాలం, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశారు. బియ్యం కోసం వచ్చారనే మాట ఆ జనం మీద పడకూడదనీ, వాళ్ళ నిర్ణయం కడుపు తీసుకున్న నిర్ణయం కాకూడదనీ. కరువు సహాయం అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పిన తరువాత కూడా వాళ్ళు కదలలేదు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొరగారు నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా దిగి ఇచ్చారు.

ఆ 2,222 సంఖ్యను మనం ప్రతి జూబిలీ సభలోనూ చెబుతాం. దాని వెనుక ఉన్న 15 నెలల నిరీక్షణను ఎవరూ చెప్పరు. అది చెబితే మనం ఇప్పుడు చేస్తున్నది తప్పని తెలిసిపోతుంది కదా. ఇప్పుడు ఎలా ఉంది? ముందు రెండు గంటల కూటం, తరువాత ‘ప్రభువును అంగీకరించేవారు చేతులెత్తండి’, ఆ తరువాత మూటలు. మూట దొరికేదాకా ఎవరు లేచి వెళ్తారు? ఎత్తిన చేతులను లెక్కపెట్టి ‘ఇంతమంది రక్షింపబడ్డారు’ అని ఆ రాత్రే ఈమెయిల్ వెళ్తుంది. క్లౌ గారి కాలంలో ఈనాటిలా ఆ రాత్రే ఫొటో పంపడానికి దారి లేదు గాని అంకెలు పంపడానికి ఉంది. పంపమని అడిగే సంఘాలూ ఉన్నాయి. ఆయన ఆగారు. ఈ రోజున మతమార్పిడి కోసం బియ్యం పంచుతున్నారని పొరుగువాళ్ళు మన మీద నేరం మోపితే మనకు కోపం వస్తుంది. ఆ నిందలో అబద్ధం చాలా ఉంది, ఒప్పుకుంటాం. కానీ మూటకూ చేతికీ మధ్య 15 నెలలు కాదు, 15 నిమిషాలు కూడా లేకుండా చేస్తున్నవాళ్ళు ఆ నిందకు కట్టెలు అందిస్తున్నారు.

తప్పంతా ఇవతలి ఒడ్డునే ఉందని మేము అనడం లేదు. అంకెల ఆకలి అవతలివారిదే ఎక్కువ, పైగా పాతది. నెల్లూరు మిషను 1840లో మొదలైంది. పదమూడేళ్ళకు కూడా ఫలం కనబడలేదని 1853లో ఆల్బనీ సభలో దాన్ని మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. ప్రపంచ పటం మీద ఒంటరి చుక్కలాగా ఉందని దానికి ‘లోన్ స్టార్’ మిషను అనే పేరే పడిపోయింది. ఆ రోజున లెక్కల పుస్తకం మాట నెగ్గి ఉంటే ఒంగోలు లేదు, వెల్లంపల్లి లేదు. మూసేయకుండా నిలబెట్టిన వారికి ఏ ప్రోగ్రెస్ రిపోర్టూ చేతిలో లేదు, ప్రార్థన ఉంది. ఈనాడు మూడు నెలలకొకసారి ‘ఎంతమంది కొత్తవారు, ఎన్ని కొత్త సంఘాలు’ అని ఫారం పంపే సహోదరులు ఈ చరిత్ర చదవాలి. ఒక పల్లెలో ఒక కుటుంబం నమ్మకంగా నిలబడటానికి ఏడేళ్ళు పడుతుంది. ఆ ఏడేళ్ళకు మీ ఫారంలో గడి ఎక్కడుంది? గడి లేనప్పుడు బలహీనుడైన సేవకుడు ఏం చేస్తాడు? పక్క సంఘం పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతాడు. తల్లీ తండ్రీ ఉన్న పిల్లల్ని అనాథలని రాస్తాడు. అబద్ధమాడింది అతడే, కానీ ఆ అబద్ధానికి ధర కట్టింది మీరు.

మన దోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య గారు, ఇంకా బిషప్పు కాకముందే, 1910లో ఎడిన్‌బరో మిషనెరీ మహాసభలో లేచి తెల్లదొరల ముఖం మీదే ఈ సంగతి అడిగారు. మీరు మాకు ఎన్నో ఇచ్చారు, త్యాగాలు చేశారు, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన మాటల సారం. ఆ సభలో చాలామందికి మింగుడు పడలేదు. ఇప్పటికీ పడటం లేదు. స్నేహితుడైతే మన ఇంట్లో కూర్చొని మజ్జిగన్నం తింటాడు. పిల్లల పేర్లు గుర్తుంచుకుంటాడు. తన సంఘంలో యువకులు దారి తప్పుతున్నారని, ఆదివారం బల్లలు ఖాళీగా ఉంటున్నాయని కన్నీళ్ళతో చెప్పి, మా కోసం ప్రార్థించండని అడుగుతాడు. అలాంటి పరదేశ సహోదరులు ఉన్నారు, మేము ఎరుగుదుము, వారిని బట్టి దేవుణ్ణి స్తుతిస్తాం. తక్కువమంది. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఒకరోజు అడిగింది: ‘అయ్యగారూ, ఆ దేశపోళ్ళు మనకోసం ప్రార్థన చేస్తారంటారు గదా. ఆళ్ళకు ఏం కష్టముందో ఎప్పుడన్నా రాశారా? మనం ఏమని ప్రార్థన చెయ్యాలి?’ వచ్చిన ఉత్తరాలన్నీ వెదికితే అవతలివారి కష్టం ఒక్క వాక్యం కూడా దొరకలేదు. పౌలు ఫిలిప్పీయులకు రాసినప్పుడు (4:15) ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ ఒకే లెక్కలో పెట్టాడు. మనకు వచ్చే ఉత్తరాల్లో ఒక్క వరుసే ఉంటుంది.

ఇక మన సాకు ఒకటి ఉంది. ‘మేము బీదవాళ్ళం, మేమేం ఇవ్వగలం?’ ఈ మాట మన ప్రసంగాల్లో వినీ వినీ చెవులు తడకలు కట్టాయి. నిజంగా బీదవాళ్ళయిన మన ముత్తాతలు ఈ సాకు చెప్పలేదు. 1860 నుండి తెలుగు కూలీలు ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఓడల్లో వెళ్ళారు. వాళ్ళలో బాప్టిస్టులు ఉన్నారు, కాపరి లేడు. 1903లో మన తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషను సంఘం రెవ. జాన్ రంగయ్య గారిని అక్కడికి పంపింది. కరువు గడిచి పాతికేళ్ళు. ఆ సంఘాల్లో కాలువ తవ్విన చేతులు ఇంకా బ్రతికే ఉన్నాయి. ఆ చేతులే కానుక వేసి సముద్రం అవతలికి మిషనెరీని పంపాయి. కీర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగులో ఆరాధన మొదలైంది. అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంత కానుకలతో ఇండియన్ మిషనెరీ సొసైటీ పెట్టి, తెలుగు నేర్చుకొని నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. అజరయ్య గారు వచ్చింది ఆ దారినే. దోర్నకల్ పల్లెల్లో స్త్రీలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం దేవునికని పక్కన తీసి పెట్టేవారు. మిజోరంలో ఇదే అలవాటు మీద అక్కడి సంఘాలు వందేళ్ళుగా మిషనెరీలను పంపుతున్నాయి. మన సంఘాల్లో ఆ కుండ ఏమైంది?

కుండ ఉంది, కువైట్‌లో ఉంది. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి ఎంతమంది అక్కచెల్లెళ్ళు అరబ్బు ఇళ్ళలో పనికి వెళ్ళారో మనకు తెలుసు. శుక్రవారం సెలవు దొరికితే కూడుకొని తెలుగులో పాడుకుంటారు, దొరకకపోతే వంటగదిలో ఫోనులో వాక్యం వింటారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఎన్నో పల్లె మందిరాలకు స్లాబు పడింది. సరిహద్దు దాటిన భాగస్వామ్యం అంటే అసలు ఇదే. అయినా శిలాఫలకం మీద పేరు ఎవరిది? ప్రతిష్ఠ రోజున శాలువా ఎవరికి? పరదేశ దాతకు కూర్చోబెట్టి గంటసేపు జూమ్ కాల్ మాట్లాడే పాస్టరు, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుపోయి ఇంటికి రాలేక ఏడుస్తున్న సొంత సంఘస్థురాలికి ఐదు నిమిషాలు ఫోను చేయడు. ఆమె నుండి వచ్చేది తీసుకుంటాం. ఆమెకు కష్టం వస్తే ‘ప్రార్థన చేస్తాం తల్లీ’ అని మెసేజీ. దూతావాసానికి అర్జీ రాయించడం, కార్మిక శాఖ దగ్గరకు వాళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళడం పరిచర్య కాదా?

చట్టం మాట కూడా ఎత్తాలి. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించిన తరువాత, అనుమతి ఉన్న సంస్థకు డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. అక్కడి నుండి మరొక సంస్థకు పంచి ఇవ్వకూడదు. నిర్వహణ ఖర్చు 50 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. ఇది చిన్న సంఘాలకు దెబ్బే. పెద్ద సంస్థల ద్వారా వచ్చే వరద సహాయం, పిల్లల చదువు చాలా చోట్ల ఆగిపోయింది, అందులో అన్యాయం ఉందని మేము అంటాం. అయినా దానికి జవాబుగా బంధువుల ఖాతాల్లోకి కొంచెం కొంచెంగా తెప్పించి ‘కుటుంబ అవసరం’ అని రాయడం ఏ వాక్యం ప్రకారం? అబద్ధం మీద కట్టిన మందిరంలో సత్యస్వరూపి ఆత్మను ఎలా పిలుస్తాం? కువైట్‌లో ఉన్న మన చెల్లెలు భారత పౌరురాలు. ఆమె తన జీతంలో నుండి బ్యాంకు ద్వారా పంపేది ఆ చట్టం దృష్టిలో విదేశీ విరాళమే కాదు. తలుపు తెరిచే ఉంది గాని ఆ తలుపు దగ్గర నిలబడినది పనిమనిషి కాబట్టి మనకు కనబడదు.

ఇలా రాస్తే ఉన్న సహాయం కూడా ఆగిపోతుందని, మా మీద కొందరు సేవకులకు కోపం వస్తుందని తెలుసు. ఇంతకు ముందు ఒకటి రెండు ఫోన్లు వచ్చాయి కూడా. మేము పరదేశ సహాయం మానుకోమని అనడం లేదు. బయట నుండి వచ్చిన ప్రతి రూపాయి లెక్కను ఆదివారం ఆరాధనలో, ఎవరి పేరున వచ్చిందో ఆ విధవరాళ్ళ ముందే, తెలుగులో చదవమంటున్నాం. సంఘం ఎన్నుకున్న ఇద్దరి సంతకాలు, వారిలో ఒకరు స్త్రీ, ఉండాలంటున్నాం. సహాయం పంచిన చోట ఆ రోజు బాప్తిస్మాల మాట ఎత్తవద్దంటున్నాం. మూట పట్టుకున్న ముఖం ఫొటో కావాలని అడిగిన దాతకు ఇవ్వమని మర్యాదగా రాయమంటున్నాం. సామాను కొన్న బిల్లులు చాలు. ఇక మనకు వచ్చిన దానిలో కాదు, మన పిడికెడు బియ్యంలో నుండి ఏటా ఒక్కసారైనా బయటికి పంపుదాం, మణిపూర్‌లో ఇళ్ళు కాలిపోయిన వారికైనా సరే, పక్క జిల్లాలో వరదలో మునిగిన వారికైనా సరే, వారు మన సంఘస్థులు కాకపోయినా సరే.

వచ్చే నెల మొదటి సోమవారం మా మండల పాస్టర్ల సహవాస కూటంలో ఈ సంగతులు తీర్మానంగా పెడుతున్నాం. అభ్యంతరం ఉన్న సహోదరులు ఫోనులో కాకుండా అక్కడికి వచ్చి, అందరి ముందు చెప్పవలెనని ప్రేమతో కోరుతున్నాం. వచ్చేటప్పుడు పోయిన ఏడు పరదేశం నుండి అందినదాని లెక్క తెచ్చుకోండి, మేమూ మా పుస్తకం తెస్తాం.